గోదావరి కలప – మన పెద్దల పేర్లు

ఈ వార్షిక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయవలసిందిగా సంఘ కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు, నేను చరిత్రకారుణ్ణి కానని, కలప అడితిలో గుమాస్తాగా జీవితం వెళ్ళదీసినవాణ్ణని మనవి చేసుకున్నాను. "అయితే ఆ కలప సంగతే వ్రాయండి, అదీ చరిత్రే గదా" అన్నారాయన. ఆ మాట పట్టుకుని ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

మన సంఘ సభ్యుల ఇళ్ళలో పిల్లల్ని పిలిచి "మీ తాతగారు ఏం చేసేవార్రా?" అని అడిగితే, చాలామంది "ఏదో కలప పనండీ" అనో, "ఇళ్ళు కట్టే పనండీ" అనో ఊరుకుంటారు. ఆ "ఏదో" అన్న మాటలో ఎంత విద్య, ఎంత కష్టం ఉన్నదో వాళ్ళకి తెలియదు. అందులో వాళ్ళ తప్పు లేదు. మనం చెప్పలేదు, ఎవరూ వ్రాసి పెట్టలేదు.

నది మోసిన సరుకు

రోడ్లు, లారీలు లేని రోజులలో కలపకు గోదావరే దారి. భద్రాచలం, పోలవరం, రంప ప్రాంతపు అడవులలో కొట్టిన దుంగలను ఎడ్లతో రేవులకు లాగించి, తెప్పలుగా కట్టి నదిలోకి వదిలేవారు. శబరి మీదుగా వచ్చిన సరుకు కూనవరం దగ్గర గోదావరిలో కలిసేది. పచ్చి కలప మహా బరువు. నల్లమద్ది వంటి దుంగను ఒంటిగా నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. అందుకని ప్రక్కన వెదురు కట్టలు చేర్చి తెప్ప కట్టేవారు. వెదురు తేల్చుకు వస్తుంది, తర్వాత ఆ వెదురూ అమ్ముడవుతుంది.

పాపికొండల మధ్య నది ఇరుకై, సుళ్ళు తిరుగుతుంది. అక్కడ తెప్ప తిరగబడకుండా గడలతో నడిపించుకు రావడం అందరికీ చేతనయ్యే పని కాదు. రాజమండ్రి రేవు చేరేసరికి ఎవరి దుంగ ఎవరిదో తెలిసేందుకు ఒక్కొక్క దుంగ చివర సుత్తితో కొట్టిన ముద్ర ఉండేది. ఆ ముద్ర వర్తకుడిది, లేదా అడవి శాఖవారిది. కొట్టినవాడిదీ, కట్టినవాడిదీ, నడిపించినవాడిదీ కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

ఆనకట్ట కట్టిన చేతులు

మన ప్రాంతంలో కట్టుబడి పనికి పెద్ద మలుపు ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా నదికి అడ్డంగా కట్టారు. రాయి ధవళేశ్వరం కొండ నుంచే తీశారు. ఇంచుమించు పదివేలమంది కూలీలు పనిచేశారని చెబుతారు. ఆర్థర్ కాటన్ దొరగారి పేరు ఇంటింటా తెలుసు. ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్నగారి పేరు కూడా నిలిచింది. అది న్యాయమే. ఆ పదివేలమందిలో మిగిలినవారి పేర్లు మాత్రం మన నోళ్ళలో లేవు.

ఆనకట్టతోపాటు కాలువలు వచ్చాయి. కాలువలకు లాకులు, లాకులకు తలుపులు, కాలువ మీద పడవలు, అన్నిటికీ కలప కావలసివచ్చింది. ధవళేశ్వరం నుంచి ఒకవైపు కాకినాడకు, మరొకవైపు ఏలూరు మీదుగా బెజవాడకు, అక్కడినుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువల మీద మద్రాసుదాకా పడవ పోయే మార్గం ఏర్పడింది. రాజమండ్రిలో కలప అడితీలు పెరగడానికి ఇదొక కారణం.

రాతిపని మాట వచ్చింది గనుక ఇంకొక్క సంగతి. రాయి కొట్టడం, తిరగళ్ళకు గంట్లు పెట్టడం వృత్తిగా గలవారు మన ముస్లిములలో ఉన్నారు, తురక కాశ అంటారు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు నూటికి 4 వంతుల రిజర్వేషన్ కల్పిస్తూ చట్టం చేసినప్పుడు, ఆ జాబితాలో ఈ పేరు కూడా చేర్చారు. వృత్తి పేరు ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కింది. సంతోషించవలసినదే. ఎక్కేదాకా ఎన్ని తరాలవారు ఉలి పట్టి వెళ్ళిపోయారో!

కొండమీద గొడ్డలి పట్టినవారు

రైళ్ళు వచ్చాక కలపకు గిరాకీ విపరీతమైంది. పట్టాల క్రింద వేసే స్లీపర్లు అప్పుడు చాలావరకు కర్రవే. రాజమండ్రి దగ్గర గోదావరి మీద మొదటి రైలు వంతెన పని 1897లో మొదలుపెట్టి, 1900లో దాని మీద రైలు నడిపారు. అంతకుముందే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి సర్కారు స్వాధీనమైంది. తరతరాలుగా పోడు చేసుకుని బ్రతికిన కొండవారికి గొడ్డలి పట్టడమే నేరమైపోయింది. అదే గొడ్డలి కాంట్రాక్టరు కోసం పడితే మాత్రం నేరం కాదు. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజుగారి వెనుక మన్యం లేచి నిలబడడానికి పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనులలో వెట్టిచాకిరీ ముఖ్యమైన కారణాలు.

మన వ్యాపారంలోని మచ్చ మనమే చెప్పుకోవాలి. హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1941 ప్రాంతంలో గోదావరి ఒడ్డు కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో "ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్" అనే గ్రంథం ప్రచురించాడు. కలప వర్తకులు కొండరెడ్లకు ముందుగా అప్పులిచ్చి, ఆ అప్పుల క్రింద చెట్లు కొట్టించుకుంటూ, లెక్కలు ఎప్పటికీ తెమలకుండా ఎలా ఉంచేవారో అందులో వ్రాశాడు. చదువు రానివాడు ఎన్ని దుంగలు కొట్టాడో, ఎంత తీరిందో వర్తకుడి పుస్తకం చెప్పిందే వేదం. అడితిలో కూర్చుని లెక్కలు వ్రాసినవాణ్ణి గనుక ఈ మాట నాకు గుచ్చుకుంటుంది.

పైవాడు, క్రిందివాడు

ఇక మా ఇంటి సంగతి. మా అబ్బా రంపపు కోత పని చేసేవారు. పన్నెండో ఏట రంపం పట్టారట. ఇప్పటి పిల్లలకు ఆ పని ఎలా ఉండేదో చెప్పాలి.

దుంగను ఎత్తైన గుర్రాల మీదగాని, గుంట మీదగాని అడ్డంగా పెట్టేవారు. నూలు తాడుకు జాజు పూసి, రెండు కొసలా బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే దుంగ మీద తిన్నని ఎర్రగీత పడుతుంది. ఒకరు దుంగ మీద నిలబడి, ఇంకొకరు క్రింద నిలబడి పొడుగాటి రంపాన్ని పైకీ క్రిందికీ లాగాలి. పైవాడి కన్ను గీత మీద ఉండాలి. క్రిందివాడి బలం లాగడంలో ఉండాలి. క్రిందివాడి కళ్ళల్లో, నోట్లో, జుట్టులో రంపపు పొట్టే. మా అబ్బా పదేళ్ళు క్రింద ఉండి, ఆ తర్వాత పైకెక్కారు. "నా ఉద్యోగంలో ప్రమోషన్ అదొక్కటే" అని నవ్వేవారు. సాయంత్రం పళ్ళకు ఆకురాయి పెట్టుకోవడం కూడా పనిలో భాగమే, దానికి వేరే కూలి లేదు. ఆ పొట్టే మా అమ్మ గోనెసంచిలో తెచ్చి పొట్టు పొయ్యిలో దట్టించి వంట చేసేది.

కర్రను చూస్తే చాలు, వాసన చూసి, గోటితో గీరి, ఇది టేకు, ఇది వేగిస, ఇది గుగ్గిలం, ఇది జిట్రేగి అని చెప్పేవారు. ఏ చెట్టు దేనికి పనికొస్తుందో, ఏది ఎండకుండా కోస్తే వంకర తిరుగుతుందో అంతా నోటికి వచ్చు. ఆయన కోసిన ద్వారబంధాలు, దూలాలు, వాసాలు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో లెక్కలేదు. గృహప్రవేశాలకు మాత్రం పిలుపు వచ్చేది కాదు.

నాలుగో వంతు లెక్క

నన్ను ఆయన రంపం దగ్గరికి రానివ్వలేదు. బడికి పంపారు. స్కూలు ఫైనలు అయ్యాక ఒక అడితిలో గుమాస్తాగా చేరాను. అక్కడ నేర్చిన మొదటి విద్య దుంగ కొలత.

కలప వ్యాపారంలో దుంగను కొలిచే పద్ధతి ఇది. దుంగ మధ్యలో తాడు చుట్టి చుట్టుకొలత తీయాలి. దానిని నాలుగుతో భాగించాలి. వచ్చినదానిని దానితోనే హెచ్చవేసి, మళ్ళీ పొడవుతో హెచ్చవేయాలి. చుట్టుకొలత 6 అడుగులు, పొడవు 20 అడుగులు అనుకోండి. నాలుగో వంతు ఒకటిన్నర. ఒకటిన్నర ఒకటిన్నరల రెండుంబావు. దాన్ని 20తో హెచ్చవేస్తే 45 ఘనపుటడుగులు. అటువంటి 50 ఘనపుటడుగులు ఒక టన్ను. బడిలో చెప్పిన గుండ్రని స్తంభం లెక్క ప్రకారం ఆ దుంగలో నిజానికి 57 ఘనపుటడుగులకు పైగా ఉంటుంది. అంటే నూటికి 21 వంతుల కర్ర లెక్కలోకే రాదు. దుంగను నలుచదరంగా చెక్కితే పక్కచెక్కలు పోతాయి గదా, ఆ తరుగుకు ఈ మినహాయింపు అని సమాధానం. పక్కచెక్కలు పారేసేవారా అంటే అదీ లేదు, వంటచెరకుగా అమ్ముడుపోయేవి.

ఈ లెక్క నేను కాగితం మీద చేస్తే, చదువురాని మా అబ్బా దుంగ ప్రక్కన నిలబడి నాకంటే ముందు చెప్పేసేవారు. "లెక్క నాకూ వచ్చురా. నీకు వ్రాయడం వచ్చు. తేడా అంతే" అనేవారు. ఆ తేడా ఎంత పెద్దదో ఆయనకూ తెలుసు, కొన్నాళ్ళకు నాకూ తెలిసివచ్చింది.

రంగం పోయినవారు

మా పెదనాన్న రంగం వెళ్ళారు. ఆ రోజులలో కాకినాడ, విశాఖపట్నం రేవులలో ఓడ ఎక్కి బర్మా పోయినవారు తెలుగునాట వేలకు వేలు. మన కోరంగి రేవు పేరు మీదుగా అక్కడివారు తెలుగువాళ్ళను కోరంగీలు అనేవారు. రంగూను ఓడరేవులో, ధాన్యం మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో మోత పనులన్నీ మనవాళ్ళవే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరంలో సగానికి మించి భారతీయులే ఉన్నారు.

బర్మా టేకు అంటే ప్రపంచ ప్రసిద్ధి. అక్కడ చెట్టును వెంటనే పడగొట్టరు. మొదట చుట్టూ బెరడు తీసి గాటు పెట్టి, రెండు మూడేళ్ళు నిలువునా ఎండనిస్తారు. పచ్చి టేకు నీటిలో తేలదు గనుక ఈ ఏర్పాటు. ఎండిన తర్వాత కొట్టి, ఏనుగులతో వాగులలోకి దొర్లించి, ఐరావతీ మీద తేల్చుకుని రంగూను తెచ్చేవారు. ఈ టేకు కోసం యుద్ధాలే జరిగాయి. 1885లో తెల్లవారు ఎగువ బర్మాను ఆక్రమించడానికి ముందు, బొంబాయి బర్మా కంపెనీకి బర్మా రాజుగారు కలప విషయంలో వేసిన జరిమానా పెద్ద తగాదా అయింది.

మనవాళ్ళ బ్రతుకు అక్కడ సుఖంగా సాగలేదు. 1930 మే నెలలో రేవు కూలిపని విషయమై తెలుగు కూలీలకు, బర్మావారికి మధ్య ఘోరమైన కొట్లాటలు జరిగాయి. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు రంగూను మీద పడ్డాయి. 1942 మార్చిలో నగరం వారి వశమైంది. నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా వదలి బయలుదేరారు. ఓడలో చోటు దొరకనివారు అరకాను మీదుగా, మణిపురం కొండలమీదుగా నడిచి వచ్చారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలాదిమంది రాలిపోయారు. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి.

మా పెదనాన్న తిరిగి రాలేదు. ఏ మిల్లులో పనిచేశారో, ఎప్పుడు బయలుదేరారో, ఎక్కడ పడిపోయారో చెప్పగల కాగితం ఒక్కటీ లేదు. మా దాదీ బ్రతికినన్నాళ్ళు పండుగనాడు ఒక పళ్ళెం ఎక్కువ పెట్టించేది. ఎవరైనా వారిస్తే "పోయాడని మీకెవరు వ్రాశారు?" అని అడిగేది. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలన్నీ జాతీయం చేసినప్పుడు మరికొన్ని వేల తెలుగు కుటుంబాలు వెనక్కి వచ్చాయి. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పేరు ఆ సంగతి గుర్తుచేస్తుంది.

మిల్లు వచ్చాక

1955లో మాచ్‌ఖండ్ విద్యుత్తు వచ్చిన తర్వాత మన కోస్తా జిల్లాలలో కరెంటు రంపాలు పెరిగాయి. ఇద్దరు మనుషులు రోజంతా కోసేది మిల్లు కొద్ది నిమిషాల్లో కోసి పడేసింది. రంపపు గుంటలు పూడిపోయాయి. మా అబ్బావంటివారు కొందరు మిల్లు కూలీలయ్యారు, కొందరు వడ్రంగం వైపు వెళ్ళారు, కొందరు రిక్షా పట్టారు.

మా చిన్నాన్న ఒక మిల్లులో చేరారు. 1962లో, నేను బడికి పోతున్న రోజుల్లో, దుంగను తోస్తుండగా ఆయన కుడిచేతి వ్రేళ్ళు మూడు తెగిపోయాయి. పనివారి నష్టపరిహారపు చట్టం 1923లోనే వచ్చింది. పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇచ్చితీరాలి. మా అబ్బా నన్ను వెంటబెట్టుకుని మిల్లుకు వెళ్ళారు. జీతాల పుస్తకం తెరచి చూపించారు. మా చిన్నాన్న పేరు అందులో లేదు! రోజుకూలి కదా, వ్రాయలేదన్నారు. "ఇక్కడ పనిచేస్తున్నట్టు ఋజువేదీ?" అని అడిగారు. తెగిన చేయి ఎదురుగా ఉంది. దానికంటే ఋజువేం కావాలి? కాని పుస్తకంలో లేని మనిషికి చట్టం దొరకలేదు. పాతిక రూపాయలు చేతిలో పెట్టి పంపించారు. ఇంటికి వస్తూ దారిలో మా అబ్బా ఒక్కటే మాట అన్నారు. "వ్రాయడం నేర్చుకున్నావు గదా, మనుషుల పేర్లు వ్రాయి."

నేను గుమాస్తాగా ఉన్నన్నాళ్ళు దుంగలు దింపిన ప్రతి మనిషి పేరూ వ్రాశాను. ఈ జన్మకు అంతమాత్రం చేయగలిగాను.

1996 సంవత్సరం

1986 ఆగస్టు వరదల్లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. ఆ వరద తట్టుకుని మళ్ళీ నిలబడిన వ్యాపారానికి పదేళ్ళకు ఇంకొక పెద్ద దెబ్బ తగిలింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, ఆమోదం పొందిన ప్రణాళిక లేకుండా అడవులలో చెట్లు కొట్టరాదని దేశమంతటికీ ఉత్తరువు ఇచ్చింది. తర్వాత రంపపు మిల్లుల లైసెన్సులు కూడా బిగిశాయి. అడవి బ్రతకడానికి అది అవసరమే, కాదనను. ఆ తర్వాత మలేషియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల కర్ర ఓడలలో దిగడం ఎక్కువైంది. 2014 ఏప్రిల్ 1 నుంచి బర్మావారు కూడా దుంగల ఎగుమతి ఆపేశారు. ప్లైవుడ్డు, ఇనుము, అల్యూమినియం, ప్లాస్టిక్ తలుపులు వచ్చాయి. గోదావరి మీద తెప్పలు ఇప్పుడు ముసలివాళ్ళ మాటల్లోనే ఉన్నాయి.

ఆ 1996లోనే ఇంకొక చట్టం కూడా వచ్చింది. దాన్ని గురించి మనలో చాలామందికి తెలియదు. భవన నిర్మాణ కార్మికుల కోసం పార్లమెంటు చేసిన చట్టమది. కట్టుబడి ఖర్చు మీద నూటికి ఒక వంతు సెస్సు వసూలు చేసి, ఆ డబ్బుతో కార్మికుల సంక్షేమ బోర్డులు నడపాలన్నారు. 18 నుంచి 60 ఏళ్ళ లోపువారై, ఏడాదిలో 90 రోజులు పనిచేసినవారు పేరు నమోదు చేయించుకోవచ్చునన్నారు. తాపీమేస్త్రీ, వడ్రంగి, రాళ్ళు కొట్టేవారు, రంగులు వేసేవారు, తట్ట మోసే ఆడకూలీ, అందరూ ఇందులోకి వస్తారు. 2020లో చేసిన సామాజిక భద్రతా స్మృతిలో కూడా ఈ నమోదు పద్ధతి, 90 రోజుల నియమం ఉంచారు. చట్టాల పేర్లు మారుతుంటాయి. అన్నిటిలోనూ అసలు సంగతి ఒక్కటే. పేరు నమోదై ఉంటేనే హక్కు.

సంఘానికి ఒక మనవి

దుంగ మీద వర్తకుడి ముద్ర ఉండేదని మొదట వ్రాశాను. మా పెదనాన్న పేరు ఏ జాబితాలోనూ లేకపోబట్టి దాదీ ఇరవై ఏళ్ళు ఎదురుచూసింది. మా చిన్నాన్న పేరు ఏ పుస్తకంలోనూ లేకపోబట్టి ఎడమచేత్తో బ్రతుకు వెళ్ళదీశాడు. అందుకని కార్యవర్గానికి నా విన్నపాలు రెండు.

మొదటిది, సంఘం ఆఫీసులో ఒక రిజిస్టరు తెరవండి. మన పెద్దలలో కలప కోసినవారు, రాయి కొట్టినవారు, సున్నం గానుగ తోలినవారు, ఇటుక కాల్చినవారు, రంగం పోయినవారు ఎవరెవరో పేరు, ఊరు, చేసిన పని వ్రాయించండి. ఇళ్ళలో పాత రంపమో, ఉలియో, బర్మా కాగితమో ఉంటే అదీ వ్రాయండి. డెబ్బై, ఎనభై ఏళ్ళు దాటినవారు ఇంకా కొద్దిమంది మన మధ్య ఉన్నారు. వారి దగ్గర కూర్చుని అడిగేందుకు కుర్రవాళ్ళను పంపండి. వచ్చే సంవత్సరం అడుగుదామనుకుంటే, ఎంతమంది ఉంటారో చెప్పలేం.

రెండవది, నేడు కట్టుబడి పనులలో ఉన్న మన కుటుంబాలవారిని పిలిచి, సంక్షేమ బోర్డులో పేర్లు నమోదయ్యాయో లేదో ఒక్కొక్కరినీ అడగండి. కానివారికి అర్జీలు నింపే పని చదువుకున్న పిల్లలకు అప్పగించండి. మన పిల్లల్లో ఇంజనీర్లు ఉన్నారు, కాంట్రాక్టర్లు ఉన్నారు. తమ దగ్గర పనిచేసే ప్రతి కూలీ పేరూ పుస్తకంలో వ్రాయవలసిన బాధ్యత వారిది. తాతలు రంపం క్రింద నిలబడితేనే మనవలు ఈ ఉద్యోగాలలో పైకి వచ్చారని మరవకూడదు.

రిజిస్టరు తెరిస్తే మొదటి పేజీలో మూడు పేర్లు వ్రాయడానికి నేను స్వయంగా వస్తాను. కలం పట్టుకునే ఓపిక ఇంకా ఉన్నది. సెలవు.